బోధన ఒకచోట, ప్రతిష్ఠ మరొకచోట: తెలుగునాట విశ్వవిద్యాలయ విద్యపై ఒక సమీక్ష

పశ్చిమ మారేడ్‌పల్లిలో ఎగ్జిబిషన్ సొసైటీ నిర్వహిస్తున్న కస్తూర్బా గాంధీ మహిళా డిగ్రీ, పీజీ కళాశాల ఉస్మానియా విశ్వవిద్యాలయానికి అనుబంధ కళాశాల. అంటే పాఠం చెప్పే బాధ్యత కళాశాలది, పట్టా ఇచ్చే అధికారం విశ్వవిద్యాలయానిది. అక్కడి నుంచి తార్నాక వైపు కొద్ది కిలోమీటర్లు వెళితే ఉస్మానియా ప్రాంగణం, దాని పక్కనే ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ (ఇఫ్లూ), జాతీయ పోషకాహార సంస్థ, ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ, ఇంకొంచెం ముందుకు హబ్సిగూడ దగ్గర సీసీఎంబీ, ఎన్‌జీఆర్‌ఐ కనిపిస్తాయి. దేశంలో ఇంత చిన్న వైశాల్యంలో ఇన్ని పరిశోధనశాలలు, విశ్వవిద్యాలయాలు, డిగ్రీ కళాశాలలు కలిసి ఉన్న చోట్లు అరుదు. అయినా వీటి మధ్య రాకపోకలు తక్కువ: డిగ్రీ విద్యార్థికి పాఠం ఒకచోట, పరీక్షను శాసించే విధానం మరొకచోట, ఆ పాఠంలోని జ్ఞానాన్ని కొత్తగా సృష్టించే పని ఇంకొకచోట జరుగుతాయి. బోధన నాణ్యతకూ పరిశోధన ప్రతిష్ఠకూ మధ్య ప్రపంచమంతటా నడుస్తున్న వివాదం తెలుగునాట ఈ విభజన రూపంలో ఉంది కనుక, దాన్ని ఒక ఆచార్యుడి సమయం ఎటు పోవాలన్న ప్రశ్నగా మాత్రమే చూస్తే అసలు విషయం చేజారిపోతుంది.

ఈ విభజనకు మూలం 1857లో ఉంది. ఆ ఏడాది కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలను అప్పటి లండన్ విశ్వవిద్యాలయం నమూనాలో, కేవలం పరీక్షలు పెట్టి పట్టాలిచ్చే సంస్థలుగా స్థాపించారు. పాఠాలు చెప్పే పని కళాశాలలకు వదిలారు. అప్పటికే జర్మనీలో, 1810లో విల్హెల్మ్ ఫాన్ హంబోల్ట్ చొరవతో ఏర్పడిన బెర్లిన్ విశ్వవిద్యాలయం బోధన, పరిశోధన ఒకే ఆచార్యుడి చేతిలో ఉండాలన్న ఆదర్శాన్ని ముందుకు తెచ్చింది. భారతీయ విశ్వవిద్యాలయాలు సొంతంగా బోధించడానికి 1904 చట్టం దారి తీసినా, అనుబంధ కళాశాలల వ్యవస్థ మాత్రం చెక్కుచెదరలేదు. ఆ తర్వాత 1942లో ఏర్పడిన సీఎస్‌ఐఆర్, అంటే శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలి, తన ప్రయోగశాలలను విశ్వవిద్యాలయాలకు వెలుపల నెలకొల్పింది. మొదటి చీలిక బోధనను విశ్వవిద్యాలయం నుంచి వేరు చేస్తే, రెండోది పరిశోధనలో ఖరీదైన భాగాన్ని వేరు చేసింది. మధ్యలో మిగిలిన విశ్వవిద్యాలయం రెండింటి గౌరవమూ తనకే దక్కాలని ఆశిస్తూ, రెండింటికీ చాలినన్ని వనరులు లేక సతమతమవుతూ వచ్చింది.

అయితే ఈ నగరంలోని విద్యాసంస్థల పుట్టుకను కొంచెం దగ్గరగా పరిశీలిస్తే, బోధనే పాండిత్యంగా గౌరవం పొందిన కాలం ఒకటి ఇక్కడ ఉందని తెలుస్తుంది. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మాధ్యమంలో ఏర్పడక ముందే, 1917లో, దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థను నెలకొల్పారు. గణితం, భౌతికశాస్త్రం, చరిత్ర, వైద్యం వంటి శాస్త్రాలను తరగతి గదిలో చెప్పడానికి కావలసిన పారిభాషిక పదాలను సృష్టించి, పాఠ్యగ్రంథాలను అనువదించే పనికి ఆనాటి ఉద్దండ పండితులను నియమించారు. పాఠం చెప్పడానికి భాషను సిద్ధం చేయడం అక్కడ మొదటి పరిశోధన అయింది. అరవయ్యో దశకంలో తెలుగు మాధ్యమం కళాశాలల్లోకి వస్తున్నప్పుడు 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ అదే పనిని తెలుగులో చేపట్టింది. 1982లో జి. రామ్ రెడ్డి తొలి ఉపకులపతిగా మొదలైన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, నేటి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, తరగతి గది లేకుండానే అర్థమయ్యేలా పాఠాన్ని రాయడమన్న కఠినమైన విద్యను ఆచార్యుల చేత అభ్యాసం చేయించింది. ఉద్యోగం చేసుకుంటూనో, ఇల్లు చూసుకుంటూనో డిగ్రీ పూర్తిచేసిన తెలుగు పాఠకులు ఎందరో ఆ పుస్తకాల మీద ఆధారపడ్డారు. వాటి రచయితల పేర్లు ఏ ర్యాంకుల జాబితాలోనూ కనిపించవు.

ఎగ్జిబిషన్ సొసైటీ చరిత్ర కూడా ఇక్కడ గుర్తుచేసుకోదగినదే. నాంపల్లిలో ఏటా జరిగే నుమాయిష్‌ను 1938లో ప్రారంభించిన ఉస్మానియా పట్టభద్రుల ఉద్దేశం, హైదరాబాద్ సంస్థానంలో ఆర్థిక సర్వే జరపడానికి నిధులు సమకూర్చుకోవడం. పరిశోధన కోసం పుట్టిన ఆ ప్రదర్శన ఆదాయం కాలక్రమంలో మారేడ్‌పల్లి కళాశాల వంటి విద్యాసంస్థలకు ఆధారమైంది.

దీనికి ఎదురుదిశలో నడిచిన చరిత్ర ఇఫ్లూది. దేశంలో ఇంగ్లిష్ బోధన ప్రమాణాలను మెరుగుపరచడానికీ, ఇంగ్లిష్ చెప్పే ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వడానికీ 1958లో హైదరాబాద్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ మొదలైంది. తరువాత విదేశీ భాషలు చేరాయి, 1973లో డీమ్డ్ విశ్వవిద్యాలయ హోదా వచ్చింది, 2006 నాటి చట్టంతో అది కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. ఆ ఎదుగుదల గర్వించదగినదే. కాని విశ్వవిద్యాలయం కాగానే ఆ సంస్థ కూడా మిగతావాటి వరుసలో నిలబడి, పీహెచ్‌డీలు, ప్రచురణలు, ర్యాంకుల లెక్కతో బేరీజుకు గురికావలసి వచ్చింది. ఎంత మంది ఉపాధ్యాయులు ఇక్కడి శిక్షణతో తమ ఊరి తరగతి గదిలో మెరుగ్గా పాఠం చెబుతున్నారన్న ప్రశ్నకు ఆ లెక్కలో చోటు లేదు.

బోధన, పరిశోధన ఒకదాన్నొకటి పోషించుకోగలవనడానికి తెలుగువారి చరిత్రలోనే బలమైన ఆధారాలున్నాయి. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి 1931 నుంచి 1936 వరకు ఉపకులపతిగా ఉన్న సర్వేపల్లి రాధాకృష్ణన్ కాలంలో వాల్తేరుకు చేరిన యువ ఆచార్యుల్లో రసాయన శాస్త్రవేత్త టి.ఆర్. శేషాద్రి ఒకరు, పరికరాలు అంతంతమాత్రంగా ఉన్న రోజుల్లో ఆయన మొక్కల్లోని సహజ రసాయనాల మీద పనిచేస్తూ ఒక శిష్యపరంపరనే తయారుచేశారు. భౌతికశాస్త్రంలో సూరి భగవంతం తన సహచరుడు టి. వెంకటరాయుడుతో కలిసి, సమూహ సిద్ధాంతాన్ని భౌతిక సమస్యలకు అన్వయించే పద్ధతిని వివరిస్తూ రాసిన గ్రంథం 1948లో ఆ విశ్వవిద్యాలయం నుంచే వెలువడింది. పరిశోధకుడు తన పరికరాన్ని విద్యార్థి చేతికి అందేలా దించి పెట్టిన పుస్తకమది. అదే భగవంతం యాభయ్యో దశకంలో ఉస్మానియా ఉపకులపతి అయ్యారు.

ఇంతకన్నా సూటిగా చెప్పే ఉదాహరణ సి.ఆర్. రావుది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి కలకత్తా చేరిన ఆయన 1940ల తొలినాళ్లలో అక్కడ గణాంకశాస్త్రం బోధిస్తూ, నమూనా పరిమాణం చాలా పెద్దదైనప్పుడు అంచనాల కచ్చితత్వానికి వర్తించే ఫిషర్ ఫలితాన్ని వివరించారు. నమూనా చిన్నదైనప్పుడు కూడా అలాంటి ఫలితం ఉంటుందా అని తరగతిలో వి.ఎం. దండేకర్ అనే విద్యార్థి అడిగాడు. రావు ఆ రాత్రే కూర్చుని దానికి రుజువు సాధించారు. నిష్పాక్షికమైన ఏ అంచనాలోనైనా వచ్చే హెచ్చుతగ్గులను ఒక హద్దు కన్నా కిందికి తగ్గించలేమని చెప్పే ఆ ఫలితాన్ని 1945లో ప్రచురించారు. నేడు ప్రపంచమంతా దాన్ని క్రామర్-రావు హద్దుగా పిలుస్తుంది. ప్రశ్న అడిగే ధైర్యమున్న విద్యార్థి, తనకు తెలియని దగ్గర ఆగి ఆలోచించే తీరిక ఉన్న అధ్యాపకుడు, ఈ ఇద్దరూ ఒక గదిలో ఉండటం వల్ల గణాంకశాస్త్రానికి మూలస్తంభం వంటి సిద్ధాంతం దక్కింది.

అయినా ఒక మహనీయుడి ఉదాహరణతో వ్యవస్థ గురించి తీర్పు చెప్పడం సరికాదు కనుక, ఈ విషయంపై జరిగిన పరిశోధనలను చూడాలి. జాన్ హాటీ, హెర్బర్ట్ మార్ష్ 1996లో 58 అధ్యయనాలను కలిపి విశ్లేషించి, అధ్యాపకుల పరిశోధన ఫలితాలకూ బోధన సామర్థ్యానికీ మధ్య సహసంబంధం, అంటే ఒకటి పెరిగినప్పుడు రెండోది ఎంతవరకు పెరుగుతుందో చెప్పే కొలత, కేవలం 0.06 అని తేల్చారు. ఈ కొలతలో 1 అంటే సంపూర్ణ సంబంధం, 0 అంటే ఏ సంబంధమూ లేకపోవడం. మంచి పరిశోధకుడు తనంతట తాను మంచి బోధకుడు కాడు, చెడ్డ బోధకుడూ కాడు. రెండూ దాదాపు విడివిడి సామర్థ్యాలు. విశ్వవిద్యాలయాలు తమ పరిశోధన కీర్తిని చూపించి, తమ వద్ద బోధన కూడా బాగుంటుందని విద్యార్థులకు ఇచ్చే హామీకి ఈ అంకె ఏమాత్రం మద్దతు ఇవ్వదు. అలాగని పరిశోధన బోధనకు హాని చేస్తుందన్న మాటనూ ఇది సమర్థించదు. రెండింటినీ కలపాలంటే ఎవరో పూనుకుని కలపాలి, వాటంతటవి కలవవు అని మాత్రమే దీన్ని బట్టి గ్రహించాలి.

పూనుకుని కలపవలసిన బాధ్యత ఉన్న విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) ఏం చేసిందన్నది తరువాతి ప్రశ్న. 2010 నిబంధనల్లో ఏపీఐ అనే మార్కుల పద్ధతి వచ్చింది. అధ్యాపకుడి పనిని బోధన, సహపాఠ్య కార్యక్రమాలు, పరిశోధన అని మూడు భాగాలు చేసి ఒక్కోదానికి మార్కులు వేశారు. బోధన భాగానికి గరిష్ఠ పరిమితి ఉంది, తీసుకున్న తరగతుల గంటలతో అది ఇంచుమించు అందరికీ నిండేది. పరిశోధన భాగంలో మాత్రం ఎన్ని పేపర్లు చూపిస్తే అన్ని మార్కులు. పదోన్నతి ఎవరికన్నది అంతిమంగా తేలేది పేపర్ల దగ్గరే. 2018 నిబంధనలు డిగ్రీ కళాశాలల అధ్యాపకులకు ఈ పరిశోధన భారాన్ని చాలావరకు తగ్గించాయి, అది మెచ్చదగిన దిద్దుబాటు. కాని బోధనను అంచనా వేయడానికి అవి ఎంచుకున్న కొలతను ఒకసారి దగ్గరగా చూడాలి: అధ్యాపకుడికి కేటాయించిన తరగతుల్లో 80 శాతం, ఆ పైన తీసుకుంటే ‘బాగుంది’, 70 నుంచి 80 మధ్య ఉంటే ‘సంతృప్తికరం’, అంతకన్నా తక్కువైతే ‘అసంతృప్తికరం’. ఆ తరగతిలో ఏం చెప్పారు, ఎవరికి ఎంత అర్థమైంది అన్న ఊసే లేదు. అదే నిబంధనల్లో పరిశోధన పట్టిక ఎంత సూక్ష్మంగా ఉందంటే, జర్నల్ ‘ఇంపాక్ట్ ఫ్యాక్టర్’ను బట్టి, అంటే ఆ పత్రికలోని వ్యాసాలను ఇతరులు సగటున ఎన్నిసార్లు ఉటంకించారన్న లెక్కను బట్టి, ఒక్కో పేపర్‌కు అదనంగా 5 నుంచి 30 మార్కుల దాకా మెట్లు మెట్లుగా విభజించారు. ఒకే పత్రంలో ఒక పనిని నిశితంగా తూచి, మరో పనిని హాజరుపట్టీతో సరిపెట్టినప్పుడు, ఏ పనికి గౌరవం ఉందో అధ్యాపకుడికి వేరే చెప్పనక్కరలేదు.

ర్యాంకుల జాబితాలూ ఇదే దారిలో నడుస్తున్నాయి. 2003లో మొదలైన షాంఘై జాబితా నోబెల్ బహుమతులను, ‘నేచర్’, ‘సైన్స్’ పత్రికల్లోని వ్యాసాలను లెక్కించింది; బోధనను కొలుస్తున్నానని అది చెప్పుకోనైనా లేదు కనుక దానిలో ఒక నిజాయితీ ఉంది. 2016 నుంచి వెలువడుతున్న మన జాతీయ ర్యాంకుల పద్ధతి ఎన్‌ఐఆర్‌ఎఫ్ విశ్వవిద్యాలయాలకు ‘బోధన, అభ్యసన, వనరులు’ అన్న శీర్షిక కింద 30 శాతం ప్రాధాన్యం ఇస్తున్నట్టు చెబుతుంది. ఆ శీర్షికను విప్పి చూస్తే లోపల ఉండేవి పీహెచ్‌డీ విద్యార్థులతో సహా విద్యార్థుల సంఖ్య, అధ్యాపక-విద్యార్థి నిష్పత్తి, పీహెచ్‌డీ ఉన్న అధ్యాపకుల శాతం, ఖర్చు. బోధన పేరుతో ఉన్న గడిలోకి కూడా పరిశోధన పట్టా వచ్చి కూర్చుంది. పోలిస్తే న్యాక్, అంటే ఉన్నత విద్యాసంస్థల నాణ్యతను అంచనా వేసే జాతీయ మూల్యాంకన సంస్థ, 2017లో సవరించిన పద్ధతిలో కొంత వివేకం చూపింది: 1000 మార్కుల్లో విశ్వవిద్యాలయాలకు బోధనకు 200, పరిశోధనకు 250 పెడితే, అనుబంధ కళాశాలలకు బోధన, మూల్యాంకనాలకు 350 పెట్టి పరిశోధనను సుమారు 120కి తగ్గించింది. ఒక్కో సంస్థ పని ఒక్కో రకమని అంగీకరించడం ఇక్కడ కనిపిస్తుంది. ఆ 350 మార్కులను చాలావరకు కళాశాల సమర్పించే కాగితాల ఆధారంగానే వేయడం దాని బలహీనత.

పేపర్ల లెక్క సృష్టించిన మరో పర్యవసానం హైదరాబాద్‌ను నేరుగా తాకింది. పదోన్నతికి పేపర్లు కావాలి, సమయమూ ప్రయోగశాలా లేవు అన్న స్థితిలో ఉన్న అధ్యాపకుల అవసరం మీద, డబ్బు తీసుకుని పరిశీలన లేకుండా అచ్చువేసే నకిలీ జర్నళ్ల వ్యాపారం పెరిగింది. 2018 మే నెలలో యూజీసీ తన ఆమోదిత జాబితా నుంచి 4,305 పత్రికలను తొలగించవలసి వచ్చింది. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసిన ఒక ప్రచురణ సంస్థ మోసపూరిత ప్రచారాలు చేసిందని నిర్ధారిస్తూ 2019లో అమెరికా న్యాయస్థానం 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని తీర్పు చెప్పింది. డిగ్రీ విద్యార్థికి అందవలసిన శ్రద్ధలో కొంత, అధ్యాపకుడి జీతంలో కొంత, ఎవరూ చదవని పేజీలకు ఖర్చయిపోయిందన్నది ఈ వ్యవహారంలో అన్నింటికన్నా బాధాకరమైన సంగతి.

ఈ శ్రద్ధ ఎంతమందికి అందవలసి ఉందో కూడా గమనించాలి. 2020-21 అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం దేశంలో ఉన్నత విద్య అభ్యసిస్తున్నవారిలో దాదాపు 79 శాతం డిగ్రీ స్థాయిలోనే ఉన్నారు. పీహెచ్‌డీ చేస్తున్నవారు నూటికి ఒక్కరు కూడా లేరు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం వంటి ఉత్తమ పరిశోధన సంస్థ 1974లో ఏర్పడినా, ఇంటర్ పూర్తిచేసినవారిని ఐదేళ్ల సమీకృత కోర్సుల్లోకి తీసుకోవడం 2006లోగాని మొదలుపెట్టలేదు. అంతవరకు అది అందుకున్న విద్యార్థులందరినీ తీర్చిదిద్దింది మారేడ్‌పల్లి, నిజామాబాద్, కడప, రాజమండ్రి వంటి చోట్ల ఉన్న కళాశాలలే. ఎవరో దుక్కి దున్ని, నారు పోసి, కలుపు తీస్తే కోత కోసినవారి పేరు మీద ధాన్యం రాసుకున్నట్టు, ఆ విద్యార్థులు పెద్దవారైనప్పుడు వచ్చే కీర్తి అంతా చివరి సంస్థ ఖాతాలోకే వెళ్లింది.

డిగ్రీ స్థాయిలో బోధిస్తున్నవారి స్థితి గురించి దాపరికం లేకుండా మాట్లాడుకోవాలి. ప్రభుత్వ కళాశాలల్లో కాంట్రాక్టు లెక్చరర్లు, గెస్ట్ ఫ్యాకల్టీ, విశ్వవిద్యాలయాల్లో పార్ట్‌టైం అధ్యాపకులు, ప్రైవేటు కళాశాలల్లో ఏటా మారిపోయే సిబ్బంది మీద బోధన నడుస్తోంది. తెలంగాణ విశ్వవిద్యాలయాల్లో రెగ్యులర్ నియామకాలు ఏళ్ల తరబడి నిలిచిపోయాయి. 2022లో శాసనసభ ఆమోదించిన ఉమ్మడి నియామక మండలి బిల్లు కూడా వాటికి దారి తెరవలేదు. గెస్ట్ ఫ్యాకల్టీకి తీసుకున్న గంటలకే డబ్బు; జవాబుపత్రం ముందుపెట్టుకుని విద్యార్థినికి తప్పెక్కడో చెప్పే గంటకు లెక్క లేదు. ఈ సందర్భంలో అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంపై డేవిడ్ ఫిగ్లియో, ఆయన సహచరులు 2015లో ప్రచురించిన అధ్యయనాన్ని జాగ్రత్తగా చదవాలి. శాశ్వత పరిశోధక ఆచార్యుల కన్నా, ప్రధానంగా బోధనకే నియమితులైన అధ్యాపకుల దగ్గర మొదటి టర్ము చదివిన విద్యార్థులు తరువాతి కోర్సుల్లో మెరుగ్గా రాణించారని అందులో తేలింది. పరిశోధన చేయనివారూ అద్భుతంగా బోధించగలరని దీన్నుంచి చెప్పవచ్చు. కాని అక్కడి బోధకుల్లో చాలామంది ఏళ్ల తరబడి అదే విశ్వవిద్యాలయంలో కుదురుగా పనిచేసినవారన్న సంగతి వదిలేసి, దాన్ని మన గెస్ట్ ఫ్యాకల్టీ పద్ధతికి సమర్థనగా వాడుకోవడం అన్యాయం. 2023 జూలైలో యూజీసీ అసిస్టెంట్ ప్రొఫెసర్ నియామకానికి నెట్, సెట్ అర్హత చాలునని, పీహెచ్‌డీ ఐచ్ఛికమేనని ప్రకటించడం బోధనపై మనసున్నవారికి ద్వారం తెరిచింది, కాని ఆ ద్వారం వెనుక ఉద్యోగాలే లేవు.

ఇంతకూ బోధనను కొలవడం సాధ్యమేనా అన్న సందేహం న్యాయమైనదే. విద్యార్థుల అభిప్రాయ పత్రాల మీద ఆధారపడటం ప్రమాదకరం. అమెరికా వైమానికదళ అకాడమీలో విద్యార్థులను లాటరీ పద్ధతిలో అధ్యాపకులకు కేటాయిస్తారు కనుక, స్కాట్ కారెల్, జేమ్స్ వెస్ట్ 2010లో అక్కడి కలనగణిత తరగతులను పరిశీలించి ఒక ఆశ్చర్యకరమైన విషయం కనుగొన్నారు: అనుభవం తక్కువ ఉన్న అధ్యాపకుల విద్యార్థులు ఆ కోర్సులో ఎక్కువ మార్కులు తెచ్చుకుని, తమ అధ్యాపకుడికి మంచి రేటింగ్ ఇచ్చారు, అనుభవజ్ఞుల విద్యార్థులు మాత్రం తరువాత వచ్చే ఉన్నత కోర్సుల్లో వారిని మించిపోయారు. పరీక్షకు సిద్ధం చేయడం వేరు, విషయాన్ని లోతుగా నేర్పడం వేరు. గైడ్లు, ‘ఇంపార్టెంట్ ప్రశ్నలు’ రాజ్యమేలే మన డిగ్రీ విద్యకు ఇంతకన్నా సూటిగా తగిలే పరిశోధన మరొకటి లేదు. ఎర్నెస్ట్ బోయర్ 1990లో కార్నెగీ ఫౌండేషన్ తరఫున రాసిన నివేదిక, కొత్త జ్ఞానాన్ని కనుగొనడంతోపాటు సమన్వయం, అన్వయం, బోధన కూడా పాండిత్యంలో భాగాలేనని ప్రతిపాదించింది. అయితే ఆ మాట అమలు కావాలంటే సహాధ్యాపకులు చూసి తూచడానికి బోధన కూడా ఏదో ఒక ఆధారాన్ని మిగల్చాలి. సిలబస్, ప్రశ్నపత్రాలు, దిద్దిన జవాబుపత్రాల నమూనాలు, తెలుగులో రాసిన పాఠ్యగ్రంథాలు అలాంటి ఆధారాలే. పరిశోధన వ్యాసాన్ని తోటి పండితులు పరిశీలించినట్టు వీటినీ పరిశీలించవచ్చు.

తెలంగాణలో అంతకు మించిన అవకాశం కూడా చేతిలోనే ఉంది. 2016లో మొదలైన ‘దోస్త్’ ఆన్‌లైన్ ప్రవేశ విధానం దగ్గర, ఏ విద్యార్థి ఏ ఇంటర్ మార్కులతో ఏ డిగ్రీ కళాశాలలో చేరారో నమోదై ఉంటుంది. ఆ తర్వాత పీజీ కోసం రాసే ఉమ్మడి ప్రవేశ పరీక్ష, సీపీగెట్, ఉస్మానియా నిర్వహణలో జరుగుతుంది. ఈ రెండు సమాచారాలనూ కలిపి, చేరినప్పటి స్థాయిని తీసివేసి చూస్తే, ఏ కళాశాల తన విద్యార్థులకు మూడేళ్లలో నిజంగా ఎంత జోడించిందో, కారెల్, వెస్ట్ పద్ధతికి కొంతవరకైనా దగ్గరగా, తెలుసుకోవచ్చు. మారేడ్‌పల్లి వంటి చోట మధ్యస్థ మార్కులతో చేరిన అమ్మాయిలను గట్టి పునాదితో పీజీకి పంపే కళాశాల ఏదైనా ఉంటే, ఇన్నాళ్లూ ఏ జాబితాలోనూ కనిపించని దాని కృషి అప్పుడు అంకెల్లో కనిపిస్తుంది. డిగ్రీతో ఆగి ఉద్యోగాల్లో చేరేవారు ఈ లెక్కలోకి రారు; ఒక్కో విభాగంలో విద్యార్థులు కొద్దిమందే ఉన్నప్పుడు ఏటేటా అంకెలు ఊగిసలాడతాయి; అందుకని కనీసం నాలుగైదేళ్ల సమాచారాన్ని కలిపి చూడాలి. ఫలితాలను ముందుగా ఆయా విభాగాల అధ్యాపకులకు మాత్రమే ఇచ్చి, వారి వివరణ విన్న తర్వాతే బయటపెట్టాలి; లేకపోతే ఇది కూడా కళాశాల గేటు మీద ఫ్లెక్సీగా మారి, బలహీన విద్యార్థులను పీజీ పరీక్ష రాయనివ్వకుండా ఆపే కొత్త పోటీకి దారి తీస్తుంది.